ఎడమకాలి సాక్ష్యం

"ఆ కాలు చూశారా వదినగారూ? అదే కాలు!"

మా మరిది వేలు గోడ మీది పోస్టర్‌ను చూపిస్తోంది. పోస్టర్‌లో ఒక అమ్మాయి ఎడమకాలు ఎదుటి మనిషి చెవి దాకా లేచి ఉంది. అదే అమ్మాయి ఇప్పుడు ఆ పోస్టర్ కిందే బల్ల మీద, చేతులకు బేడీలతో, నెత్తురు చుక్క లేని మొహంతో కూర్చుంది. నేను గుమ్మంలోనే ఆగాను. అరెస్టులు చూడడం నాకు కొత్త కాదు. అరెస్టు చేసిన ఇన్‌స్పెక్టర్ కళ్ళల్లో నీళ్ళు తిరగడం మాత్రం కొత్త.

"ఏమిటి మరిదిగారూ, ఏడుస్తున్నారా?"

"కంట్లో దుమ్ము పడింది."

దుమ్మూ లేదు, ధూళీ లేదు. ఆ జిమ్ నేల అద్దంలా ఉంది. మా చెల్లెలి మెళ్ళో తాళి కట్టినప్పుడు కూడా చెమర్చని కళ్ళు అవి. ఈ ఇన్‌స్పెక్టర్‌గారికి పిడుగు అంటే అంత పిచ్చి. కేజ్‌లో దిగి చేతులతో, కాళ్ళతో, పట్లతో కొట్టుకునే ఆ పోటీల్లో ఆ అమ్మాయి పేరు పిడుగు. అసలు పేరు ఎవరూ పలకరు. ఆమె పోటీ ఉన్న రోజున మా చెల్లెలు ఇంట్లో మిక్సీ కూడా వేయడానికి వీల్లేదు. అలాంటి పిడుగుకి ఈయనే బేడీలు వేశాడు.

జరిగింది ఇది. పొద్దున ఆ జిమ్‌లోని వీడియో గదిలో వీడియో మాస్టారు నేల మీద పడి ఉన్నాడు. ఆయన పని పోటీల వీడియోలు ముందుకీ వెనక్కీ తిప్పి, ఎవరు ఎలా కొడతారు, ఎక్కడ తడబడతారు అని చూసి చెప్పడం. ఒకే ఒక్క దెబ్బ తగిలింది, కుడి దవడ కింద. పడేటప్పుడు తల బల్ల అంచుకి కొట్టుకుంది. ఇప్పుడు ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు.

ప్రైవేటు డిటెక్టివ్‌నైన నన్ను పిలిపించింది పిడుగు వాళ్ళన్న. ఆమెకి గురువూ ఆయనే, తండ్రి తర్వాత తండ్రీ ఆయనే. ఫోన్‌లో ఆయన అన్నది ఇది. "మేడం, సాయంత్రం ఐదింటికి పోటీ బరువు తూకం. ఆ తూకానికి మా చెల్లెలు నిలబడకపోతే రేపటి పోటీ పోయినట్టే. దాని మోకాళ్ళు ఇంకో ఏడాది ఆగవని డాక్టరు చెప్పేశాడు. ఛాంపియన్ బెల్టు కోసం దానికి ఇదే మొదటి పోటీ, ఇదే ఆఖరిది. దాన్ని స్టేషన్‌కి తీసుకెళ్ళకుండా ఎలాగైనా ఆపండి మేడం."

"ఎలాగైనా ఆపడం నా పని కాదు. ఎవరు కొట్టారో కనుక్కోవడం నా పని," అన్నాను. బయల్దేరాను.

"రండి, చూపిస్తా. మీరు కూడా కాదనలేరు," అని మరిది నన్ను వీడియో గదిలోకి తీసుకెళ్ళాడు.

హాలుకి ఒక మూల చెక్క గోడ కట్టి చేసిన గది అది. ఒక బల్ల, రెండు కుర్చీలు, పెద్ద తెర. హాల్లో మిగిలిన నల్ల మ్యాట్ ముక్కలే అక్కడా పరిచారు. ఆ జిమ్‌లో చెప్పులతో ఎవరూ మ్యాట్ ఎక్కరు. తెల్లారగానే మ్యాట్లన్నీ మందునీళ్ళతో తుడుస్తారు. చర్మానికి జబ్బులు పట్టకుండా అదో నియమం. ఆ నీళ్ళు ఆరకముందు ఎవరైనా తొక్కితే, ఆరాక అక్కడ తెల్లటి మచ్చ పడుతుంది.

"ఆరున్నరకి వాళ్ళన్న తుడిచి, ఐసు తేవడానికి వెళ్ళాడు. ఇలా మూసిన గదిలో నీళ్ళు ఆరడానికి పావుగంట పైన పడుతుంది. ఏడింటికి ఆయన తిరిగొచ్చేసరికి మాస్టారు పడి ఉన్నాడు. మధ్యలో కొట్టినవాళ్ళు పాదం గుర్తు పెట్టి మరీ వెళ్ళారు. ఇదిగో."

నేను మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. అలుక్కుపోయిన మచ్చల మధ్య తేటగా కుడి పాదం ముందుభాగం గుర్తు ఒకటి. దానికి జానెడు ముందు అదే పాదం ఇంకొకటి. రెండోది గుండ్రంగా సాగి ఉంది, అక్కడ మనిషి గిర్రున తిరిగినట్టు.

"అర్థమైందా?" అన్నాడు మరిది. ఆయన గొంతులో ఒక పక్క బాధ, ఒక పక్క పాఠం చెప్పే ఉత్సాహం. "పిడుగుది ఎడమచేతి వాటం. కుడికాలు ముందు, ఎడమకాలు వెనక. ఎడమకాలు లేపే ముందు కుడికాలితో చిన్న గెంతు గెంతుతుంది. మొదటి గుర్తు నిలబడ్డది, రెండోది గెంతి తిరిగింది. ఎడమకాలు తిరిగొచ్చి ఎదుటివాడి కుడి దవడకే తగులుతుంది. మాస్టారికి ఎక్కడ తగిలింది?"

"కుడి దవడకి."

"డాక్టరు చెప్పాడు, అరచేయంత వెడల్పున కమిలింది, ఎముక విరగలేదు అని. అంటే పాదం పైభాగంతో కొట్టిన దెబ్బ. ఈ అమ్మాయి అలాగే కొడుతుంది. నేను ఆమె పోటీలు అన్నీ చూశాను వదినగారూ, కళ్ళు మూసుకుని కూడా చెప్పగలను."

"కళ్ళు మూసుకునే చెబుతున్నారేమో అని నా అనుమానం."

"ఇది పోలీసు వ్యవహారం."

"పోలీసు వ్యవహారమైతే వేలితో పోస్టర్ చూపించి వాదించరు."

ఆయన మొహం ఎర్రబడింది. రిమోట్ తీసుకుని తెర మీద పాత పోటీలు పెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ప్రతిసారీ అదే తంతు. కేజ్ బయట నించి వాళ్ళన్న చేతులు రెండుసార్లు చరిచి "లేపు!" అని అరుస్తాడు. పిడుగు కుడికాలు చిన్న గెంతు వేస్తుంది, కుడిచెయ్యి నడుం దగ్గరికి జారుతుంది, ఎడమకాలు లేస్తుంది. ఎదుటి మనిషి పడుతుంది. ఎక్కడ ఆపి చూసినా కింద మ్యాట్ మీద కుడిపాదం సరిగ్గా ఆ రెండు చోట్లే ఉంది. ఇన్‌స్పెక్టర్ చెప్పిందాంట్లో వంక పెట్టడానికి నాకు ఒక్కటీ దొరకలేదు.

"మరి మాస్టారు చూస్తూ ఉన్న వీడియో ఏది?" అన్నాను, ఏదో ఒకటి అడగాలి కనక.

ఆయన అది పెట్టాడు. రేపటి ప్రత్యర్థి సాధన చేస్తున్న వీడియో. ఆ మనిషి పేరు ఉడుము. కొట్టదు, పట్టుకుంటుంది. పట్టుకుంటే వదలదు. తెర మీద, తలకి మొహం కప్పే టోపీ పెట్టుకున్న మనిషి ఒకరు కుడికాలితో గెంతి ఎడమకాలు లేపుతున్నారు. కుడికాలు గాల్లో ఉన్న ఆ రెప్పపాటులోనే ఉడుము దూరి, ఆ మనిషిని నడుం పట్టుకుని నేలకేసి కొడుతోంది. మళ్ళీ. మళ్ళీ.

"ఆ టోపీ మనిషి ఎవరు?"

"నకలు," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ పిడుగు అన్న. అంతవరకూ ఆయన వచ్చినట్టే నాకు తెలీదు. "పోటీకి ముందు ప్రతి జిమ్‌లోనూ ఒకరిని పెట్టుకుంటారు మేడం. రేపు ఎవరితో తలపడాలో వాళ్ళలాగే నిలబడి, వాళ్ళలాగే కొట్టాలి. మాకూ ఒక పిల్ల ఉంది. ఇక్కడ ఉడుములాగా చేస్తుంది."

"అక్కడ పిడుగులాగా చేస్తున్నది?"

"ఎవరో. మొహం కనపడట్లేదుగా."

"ఎవరైతే ఏంటి వదినగారూ?" అని మరిది విసుక్కున్నాడు. "రేపటి పోటీలో గెలుపు ఆ గెంతు మీదే ఆధారపడి ఉంది. గెంతు పూర్తయితే పిడుగు గెలుస్తుంది, ఆ గెంతులో ఉండగా దూరితే ఉడుము గెలుస్తుంది. ఇదిగో, గెలిచే మనిషిని నా చేతులతో స్టేషన్‌కి తీసుకెళ్ళాలి. నా ఖర్మ!"

నేను పిడుగుతో ఒంటరిగా మాట్లాడాలన్నాను. ఆయన నసిగి, సామాన్ల గదిలోకి పంపి, బయట నిలబడ్డాడు.

తలుపు వేశాను. గ్లవ్స్, తాళ్ళు, చెమట వాసన. "ఆరున్నరకీ ఏడింటికీ మధ్య ఎక్కడున్నావు?"

"రోడ్డు మీద పరిగెడుతున్నా ఆంటీ. బరువు తగ్గాలిగా."

"ఎవరన్నా చూశారా?"

"చూసే ఉంటారు. ప్లాస్టిక్ సూటు వేసుకుని తల దాకా కప్పుకున్నా. నేనని ఎవరు గుర్తుపడతారు?"

"ముందు ఆ ఆంటీ అనడం మానెయ్. మాస్టారుతో గొడవ ఏమన్నా ఉందా?"

"ఆయనతో నాకు గొడవేంటండీ? నేను ఓడిపోయిన రోజున అన్నయ్య తిడతాడు. ఆయన మాత్రం వీడియో పెట్టి, 'ఇదిగో, ఇక్కడ ఎంత బాగా కొట్టావో చూడు' అంటాడు. ఓడిన దాంట్లోంచి కూడా ఒక మంచి ముక్క వెతికి చూపించేవాడు." బేడీల చేతులతోనే కళ్ళు తుడుచుకుంది.

"అయితే ఆ గుర్తులు నీవి కావని ఎలా చెప్పను? గెంతు నీది, కాలు నీది, దెబ్బ నీది."

ఆమె తలుపు వైపు చూసింది. తర్వాత గొంతు బాగా తగ్గించి, "ఆ మందపాటి ప్యాడ్ పట్టుకోండి. రెండు చేతులతో, ఛాతీకి ఆనించి," అంది.

ఏమిటో అనుకుని పట్టుకున్నాను. అంతే. ఏం జరిగిందో నాకు తెలీదు. గెంతు లేదు, సూచన లేదు, ఊపిరి చప్పుడు కూడా లేదు. నేను గ్లవ్స్ గుట్టలో వెల్లకిలా పడి ఉన్నాను. కళ్ళు బైర్లు కమ్మాయి. "ఓసి నీ..." అన్నాను గానీ మిగతాది పైకి రాలేదు.

"ఏమైంది వదినగారూ?" బయటి నించి మరిది కేక.

"ఏం లేదు! కాలు జారింది!"

పిడుగు నన్ను లేవదీసింది. ప్యాడ్ మీద దెబ్బ గుర్తు సన్నగా, పొడుగ్గా ఉంది. పాదం కాదు. మోకాలి కింద ఎముక.

"నాలుగు నెలల కిందట నా ఎడమ పాదంలో ఎముక చిట్లింది. పాదంతో కొట్టలేను. అన్నయ్య నా కిక్ మొత్తం మార్చేశాడు. గెంతు తీసేశాడు. ఇంకా దగ్గరికి వెళ్ళి ఎముకతో కొడతాను ఇప్పుడు. ఆ గెంతు కోసం రేపు ఉడుము కాచుకుని ఉంటుంది, గెంతు రాదు, తెలిసేలోపు అయిపోతుంది."

ఇదే ఎముక మాస్టారి దవడకి తగిలి ఉంటే దవడ పిండి అయ్యేది. అరచేయంత కమిలిన గుర్తుతో పోయేది కాదు.

"ఇది ఇన్‌స్పెక్టర్‌కి చెప్తే ఈ క్షణం బేడీలు తీస్తాడుగా!"

"ఆయన నా అభిమాని అండీ. అభిమానుల నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, రాత్రికి ఉడుముకి తెలుస్తుంది. చెప్పకపోతే పోటీ పోతుంది, చెప్తే బెల్టు పోతుంది. ఏం చెయ్యమంటారు?"

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"నాకూ అన్నయ్యకీ. మాస్టారికి కూడా చెప్పలేదు, మా నకలుకీ చెప్పలేదు. ఇద్దరూ వెళ్ళిపోయాక నేర్పేవాడు. ఇప్పుడు మీకు. నేను చూపించానని అన్నయ్యతో అనకండి, చంపేస్తాడు."

మాట ఇచ్చాను. బయటికొచ్చేసరికి నా నడుమూ బుర్రా రెండూ పనిచేస్తున్నాయి. మాస్టారిని కొట్టింది పిడుగు కిక్కే. కానీ ఇవాళ్టి పిడుగుది కాదు, పాత పిడుగుది. ఆ పాత కిక్కుని ఎవరో గెంతుతో సహా, జారే చెయ్యితో సహా నేర్చుకున్నారు. అది నేర్చుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషి ఒకరు ఉన్నారు. టోపీ మనిషి.

అప్పటికి ఈ జిమ్ నకలు వచ్చి హాల్లో బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. పాతికేళ్ళుంటాయి, గలగలా మాట్లాడే పిల్ల.

"ఎన్నింటికి వచ్చావు ఇవాళ?"

"ఎనిమిదింటికండీ. వచ్చేసరికి పోలీసులు. నా గుండె గుభేలుమంది."

"నువ్వు ఏ చేతి వాటం?"

"కుడిచేతి వాటం. ఇన్‌స్పెక్టర్‌గారు అడిగారు, రాసుకున్నారు కూడా."

"ఇక్కడ ఏం చేస్తావు?"

"ఉడుములాగా పాకుతాను, కాళ్ళు పట్టుకుంటాను, తన్నులు తింటాను. తన్నడం మాత్రం నాకు రాదండీ. అది అక్క సొత్తు."

"కుడి అరికాలికి ఏమైంది?"

ఆ పిల్ల కాలు టక్కున లోపలికి లాక్కుంది. చెప్పులు నిషేధమైన చోట పాదాలు దాచడం కష్టం. కుడి అరికాలి ముందుభాగంలో రూపాయి బిళ్ళంత చర్మం లేచిపోయి, కింద ఎర్రగా ఉంది.

"కొత్త చెప్పులు కరిచాయండీ."

"చెప్పు మడమ దగ్గర కరుస్తుంది, వేలి దగ్గర కరుస్తుంది. అరికాల్లో కరిచే చెప్పు ఏ కొట్లో కొన్నావు తల్లీ? నేనూ చూస్తా."

ఆమె నవ్వింది. నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

నాకు కావలసింది దొరికింది. ఎడమకాలితో తన్నే మనిషి కుడి అరికాలి మీద తిరుగుతుంది. రోజూ వందసార్లు తిరిగితే అక్కడి చర్మం లేస్తుంది. పాకేవాళ్ళకీ కాళ్ళు పట్టుకునేవాళ్ళకీ అక్కడ లేవదు. కానీ అరికాలు పుండుని చూపించి మా మరిది చేత బేడీలు విప్పించలేను. ఆయన కళ్ళకి కనపడాలి. పిడుగు రహస్యం బయటపడకుండా కనపడాలి.

"మరిదిగారూ, ఒక్క పది నిమిషాలు పిడుగు బేడీలు తియ్యండి. తలుపు దగ్గర మీ మనుషులు ఉన్నారుగా, ఎక్కడికీ పోదు."

"ఎందుకు?"

"రేపటి ప్రత్యర్థి ఎలా పట్టుకుంటుందో ఈ నకలు చేసి చూపిస్తుంది. పిడుగు చేతులకి ప్యాడ్లు పెట్టుకుని ఎదురు నిలబడుతుంది. మీకు ఈ పోటీలంటే ఇష్టం కదా, దగ్గరనించి చూడండి."

ఆయన కళ్ళు వెలిగాయి, వెంటనే ఆరిపోయాయి, మళ్ళీ వెలిగాయి. బేడీలు తీశాడు. ఎవరూ అడ్డుపడరనుకున్నాను. పిడుగు అన్న అడ్డుపడ్డాడు.

"వద్దు మేడం. రేపు పోటీ పెట్టుకుని ఇవాళ ఇలాంటివి... కాలు బెణికితే?"

"ఆమె నిలబడుతుంది అంతే. ప్యాడ్లు పట్టుకోవడానికి కాలెందుకు బెణుకుతుంది?"

"వద్దంటున్నానుగా!" ఆయన గొంతు హాలంతా మోగింది. చెల్లెలి మీద బెంగ అనుకున్నాను. అక్కడే పొరపడ్డాను.

పిడుగు చెవిలో రెండు మాటలు చెప్పి పక్కకి జరిగాను. నకలు వంగి ఉడుములా తిరగడం మొదలుపెట్టింది. కుడిచేతి వాటం, ఎడమకాలు ముందు. ఒకసారి కాళ్ళ మీదికి దూరింది, పిడుగు తోసేసింది. ఇంకోసారి దూరింది, మళ్ళీ తోసేసింది. ఇద్దరికీ చెమట పట్టింది. నకలు వెనక్కి తగ్గి లేచి నిలబడి ఊపిరి పీల్చుకుంటున్న క్షణంలో పిడుగు ప్యాడ్లు రెండుసార్లు ఠప్ ఠప్‌మని చరిచి, కుడిచేతి ప్యాడ్ తల ఎత్తుకి లేపి, వాళ్ళన్న గొంతుతో అరిచింది.

"లేపు!"

నకలు పాదాలు మారిపోయాయి. కుడికాలు ముందుకొచ్చింది. చిన్న గెంతు. కుడిచెయ్యి నడుం దగ్గరికి జారింది. ఎడమకాలు గిర్రున లేచి, పాదం పైభాగం ప్యాడ్‌కి తగిలిన చప్పుడు గోడల్లో మోగింది.

తన్నడం రాని పిల్ల తన కాలు వైపు తనే చూసుకుంటోంది, ఆ కాలు ఎవరిదో అన్నట్టు.

"గెంతు..." అన్నాడు మరిది. నోరెళ్ళబెట్టిన మనిషి నోటినించి మాటలు ముక్కలుగా రాలుతున్నాయి. "చెయ్యి... పాదం... ఇది పిడుగు కిక్. అచ్చంగా పిడుగు కిక్!"

"ఉడుము జిమ్‌లో టోపీ పెట్టుకుని చేసేది ఇదే. అక్కడ కూడా 'లేపు' అనే అరుస్తారు, ఆ అరుపు తర్వాత ఏమొస్తుందో ఉడుముకి అలవాటు కావాలిగా. రోజుకి వందసార్లు విని విని, మనసుకి చెప్పకుండానే కాలు లేస్తోంది. పగలు ఇక్కడ ఉడుము, సాయంత్రం అక్కడ పిడుగు. మాస్టారు వీడియోలో నిన్ను గుర్తుపట్టాడు. అవునా?"

నకలు కూలబడిపోయింది. మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చింది. "నేను కొట్టాలని కొట్టలేదండీ. ఒక్క రోజు ఆగండి మాస్టారూ, రేపు అన్నీ చెప్తానని కాళ్ళ మీద పడ్డాను. దొంగా అన్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు అన్నాడు. ఇప్పుడే పిడుగుకి చెప్తానని ఫోను తీశాడు. కాలు లేచింది. అంతే. కాలు లేచింది."

"రేపు ఏం చెప్దామనుకున్నావు?" అన్నాను. అది నాకు అర్థం కాలేదు. రెండు చోట్లా జీతం తీసుకునే మనిషి ఒక్క రోజు గడువు ఎందుకు అడుగుతుంది?

ఆ పిల్ల తలెత్తి, నా వైపు కాదు, నా వెనక్కి చూసింది.

"చెప్పు అన్నా. నన్ను అక్కడికి పంపిందెవరో నువ్వే చెప్పు."

నేను వెనక్కి తిరిగాను. పిడుగు అన్న గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. హాల్లో ఇంకెవరికీ అర్థం కాకముందే నాకు అర్థమైంది. కొత్త కిక్ రహస్యంగా నేర్పిన మనిషి, పాత కిక్ ఉడుముకి బాగా ఒంటబట్టేలా నకలుని తనే పంపాడు. ఉడుము నాలుగు నెలలుగా రాని గెంతు కోసం కాచుకుంటోంది. అంత పకడ్బందీ వల. ఆ వల సంగతి తెలీని వీడియో మాస్టారు, పాపం, దాన్ని ద్రోహం అనుకున్నాడు.

"నేను వచ్చేసరికి ఇది ఆయన పక్కన కూర్చుని ఏడుస్తోంది," అన్నాడు ఆయన కళ్ళు తెరవకుండానే. "వెనక తలుపులోంచి పంపేశాను. హాల్లో అడుగులు తుడిచాను, గదిలోవి అప్పటికింకా తేలలేదు. తర్వాత అంబులెన్స్‌కి ఫోన్ చేశాను."

"తర్వాత?" అంది పిడుగు. ఆ ఒక్క మాటే. ప్యాడ్లు ఇంకా చేతులకే ఉన్నాయి.

"చిన్నీ, నీ మీదికి వస్తుందని కలలో కూడా అనుకోలేదు."

"వచ్చిందిగా. పొద్దున నీ కళ్ళ ముందే నాకు బేడీలు వేశారుగా. అప్పుడు తెలుసుగా నీకు?"

"నిన్ను స్టేషన్‌కి తీసుకెళ్ళకుండా సాయంత్రం దాకా ఎలాగో లాగితే, ఇన్‌స్పెక్టర్‌గారిని బతిమాలి తూకానికి నిలబెట్టేస్తాను, రాత్రికి బెయిలు తెచ్చేస్తాను, రేపు పోటీ అవగానే నేనే వెళ్ళి అంతా ఒప్పుకుంటాను అనుకున్నా. అందుకే ఈ మేడంని పిలిపించాను. ఈవిడ వస్తే ఇన్‌స్పెక్టర్‌గారితో వాదన పెట్టుకుంటుంది, గంటలు గడుస్తాయి అని..."

చెంప మీద కొట్టినట్టయింది నాకు. ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. నిజం కోసం పిలిచినవాళ్ళున్నారు, అబద్ధం కోసం పిలిచినవాళ్ళున్నారు. కాలక్షేపం కోసం పిలిచినవాడు ఇతనొక్కడే. నాలుగు తిట్లు నోటిదాకా వచ్చాయి. ఆ పిల్ల మొహం చూసి మింగేశాను.

అప్పుడు మరిది జేబులో ఫోన్ మోగింది. విన్నాడు. "ఎప్పుడు?" అన్నాడు. ఇంకాసేపు విన్నాడు. ఫోన్ దించి, టోపీ తీశాడు.

"వీడియో మాస్టారు పోయారు. ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే అని డాక్టరు అంటున్నారు."

నకలు కెవ్వుమంది. పిడుగు అన్న గోడ వెంబడే జారి కింద కూర్చున్నాడు. హాల్లో అడుగులు తుడిచిన ఆ కాసేపు అందరి కళ్ళ ముందూ నిలబడింది.

పిడుగు ప్యాడ్లు ఒక్కొక్కటిగా విప్పి కింద పెట్టింది. "ఇన్‌స్పెక్టర్‌గారూ, మా అన్నయ్యని కూడా తీసుకెళ్ళండి," అంది. గొంతులో ఏడుపు లేదు. అందుకే వినలేకపోయాను. "తుడిచానని తన నోటితోనే చెప్పాడు. నేను విన్నాను. ఎక్కడ అడిగినా చెప్తాను."

మరిది నా వైపు చూశాడు. పొద్దున్నించీ నాతో పోట్లాడుతున్న మనిషి, ఇప్పుడు ఏం చెయ్యాలో నన్నే అడుగుతున్నట్టు చూశాడు. నేను తలూపాను. పిడుగు చేతుల నించి తీసిన బేడీలే వాళ్ళన్న చేతులకి వేశాడు. నకలుని ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ళు లేవదీసి ముందు నడిపించుకుపోయారు.

గుమ్మం దాకా వెళ్ళి పిడుగు వాళ్ళన్న ఆగాడు. చెల్లెలి పక్కన ఆగాడు. క్షమించు అంటాడనుకున్నాను. ఆమె కూడా అదే అనుకుందేమో, తల పక్కకి తిప్పుకుంది. ఆయన ఆమె చెవి దగ్గరికి వంగాడు. పక్కనే ఉన్న నాకు ప్రతి మాటా వినపడింది.

"మొదటి రౌండ్‌లో కొట్టకు. ఉడుము గెంతు కోసం చూస్తుంది, చూడనీ. రెండోదాంట్లో, అది అలిసి చెయ్యి దించినప్పుడు కొట్టు. ఇవాళ నీళ్ళు తూకం అయ్యాకే తాగు."

"సరే అన్నయ్యా," అంది ఆ పిల్ల.

అనేశాక తను ఏమందో తనకే వినపడినట్టుంది. రెండు చేతులతో నోరు మూసుకుంది.